పేపరు మీద గీసిన హాకీ కర్ర

మా హాకీ జట్టు ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే నేను ముందు రెండు మేకుల గురించి చెబుతాను. తిరువూరులో మా వీధి చివర ఒక రిటైర్డ్ టీచర్ గారు ఉంటారు. ఆవిడ ముందుగదిలో, చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు పక్కన, గోడకు ఒకదానికొకటి మూరెడు ఎడంగా రెండు మేకులు కొట్టి ఉండేవి. వాటి మీద అడ్డంగా ఒక పాత హాకీ కర్ర ఉండేది. అది ఆవిడ భర్తది. ఆయన కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి, రిటైరైన రెండేళ్ళకే పోయారు. ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు టీచర్ గారు ఆ కర్రను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ మేకుల మీద పెట్టేవారు.

ఆయన వయసులో ఉండగా ఈ ఊళ్ళో కుర్రవాళ్ళు ఒక హాకీ జట్టు కట్టారట. బయట ఊళ్ళో పోటీకి వెళ్దామని అనుకున్న ప్రతిసారీ ఒకడు తగ్గేవాడు. ఒకసారి మామిడి కోతలు వచ్చిపడేవి, ఒకసారి ఎవరికో కామెర్లు, ఒకసారి ఎవరికో పెళ్ళిచూపులు. పది మందితో మాత్రం గ్రౌండులో దిగేది లేదని వాళ్ళ పంతం. ఆ పంతంతోనే ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా జట్టు చెదిరిపోయింది. "పదకొండు మందిమి కలిసి ఒక్క మ్యాచ్ ఆడుంటే చాలు అనేవారమ్మా ఆయన, పోయే ముందు ఆస్పత్రిలో కూడా అదే మాట" అని టీచర్ గారు నాతో రెండు మూడుసార్లు చెప్పారు. ఏడుస్తూ కాదు, కాస్త చిరాగ్గానే చెప్పారు.

నా సంగతి కూడా చెప్పాలి. మండలాఫీసుకు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. నాకు కోపం ఎక్కువ. ఈ విషయంలో మా ఆయనకూ మా అత్తగారికీ ఎప్పుడూ రెండో అభిప్రాయం లేదు. ఆధార్ కార్డు ఒకవైపే తెచ్చి రెండువైపులా కాపీ కావాలనే మనుషులతో పొద్దుట్నుంచీ వేగితే ఎవరికైనా కోపం వస్తుందని నా వాదన. నాకు తెలిసిందే కరెక్టనుకునే అలవాటు కూడా ఉంది. దాన్ని నేను చాలాకాలం ఆత్మవిశ్వాసం అనుకున్నాను.

టీచర్ గారికి షుగరు. డాక్టరు నడవమన్నారు. ఆవిడకు తోడుగా వీధిలో నలుగురు ఆడవాళ్ళం పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో నడిచేవాళ్ళం. ఒకరోజు ఆవిడ గోల్ పోస్టులు ఉండాల్సిన చోట ఆగిపోయి, "నడిచీ నడిచీ విసుగొచ్చింది. హాకీ ఆడదాం" అన్నారు. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "నాకు మోకాళ్ళు లేవు కాబట్టి నేను ఈల వేస్తాను. మీరు పదకొండు మంది కావాలి. ఒక్కటంటే ఒక్క మ్యాచ్, అంపైరున్న మ్యాచ్, పదకొండు మందితో ఆడాలి. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఆ గొంతులో బడి పిల్లలతో ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పటి పట్టుదల ఉంది. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. నలభై దాటాక ఇంకొకరు నన్ను ఏదన్నా ఆడమని అడగడం అదే మొదటిసారి. సరే అన్నాను.

పదకొండు మందిని పోగు చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. అందరూ ముప్పై ఐదు దాటినవాళ్ళే. ఎ.కొండూరు నుంచి ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు వచ్చారు. ఒక నర్సు, ఒక టైలరు, వాళ్ళ తోడికోడళ్ళు, ఇలా ఒకరి వెనక ఒకరు. పదకొండో మనిషి మాత్రం తనే నా షాపుకు వచ్చింది. పెనుగొలను నుంచి మొదటి షేర్ ఆటోలో వచ్చి, ఇక్కడ మిర్చి కోతలకు వెళ్ళే మనిషి. ఏదో కాగితం జిరాక్స్ తీయించుకుని, చిల్లర తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడింది. "మేడం, మీరంతా పొద్దున్నే గ్రౌండులో ఆట మొదలెడతారంట కదా. నేను రాకూడదా?" అంది. మర్నాడు వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి పరిగెత్తితే మా ఎవరికీ అందలేదు. వారం తిరిగేసరికి తను నన్ను మేడం అనడం మాని అక్కా అంది. నేను తనను చెల్లీ అన్నాను.

మనుషులు కుదిరారు కానీ కర్రలు లేవు. ఆటసామాను కొట్టులో కొనేద్దామని ఎవరో అంటే నేనే వద్దన్నాను. విస్సన్నపేటలో నాగళ్ళు చేసే పాతకాలపు వడ్రంగి ఒకాయన ఉన్నాడు, చేవ ఉన్న కర్రతో పదికాలాలు ఉండేటట్టు చేస్తాడు, కొట్టులో కొన్నవి మన మట్టి నేల మీద ఆరునెలలు కూడా ఉండవు అని చెప్పాను. నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు. నేను మాట్లాడే తీరులో అడగాలనిపించదు.

టీచర్ గారి కర్రను నమూనాగా తీసుకెళ్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఆ కర్ర గుమ్మం దాటదు" అన్నారు. ఒక్కరోజేనండి అన్నా వినలేదు. ఆయన పోయాక ఆ కర్ర ఇల్లు వదిలింది లేదు, వదలదు కూడా. అయితే బొమ్మ గీసుకుపోతానన్నాను. కొలతలు దించడం, కాపీ తియ్యడం నా వృత్తి కదా అని కాస్త గొప్పగా కూడా చెప్పాను.

హాకీ కర్ర చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దానికి ఒకవైపు చదునుగా ఉంటుంది, ఇంకోవైపు గుండ్రంగా ఉంటుంది. బంతిని చదును వైపుతోనే కొట్టాలి. నేను నేల మీద పాత న్యూస్‌పేపరు పరిచి, కర్రను దాని మీద పెట్టాను. కదలకుండా కుదురుగా ఉండాలి కాబట్టి చదునువైపు కిందికి పెట్టాను. చుట్టూ పెన్సిల్‌తో గీశాను. కర్ర తీసేశాక, చదును భాగం పేపరుకు ఆనింది ఇక్కడే కదా అని ఆ గీత మధ్యలో స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలతో "ఇటు చదును" అని రాశాను. పేపరు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

విస్సన్నపేట వడ్రంగి ఆ పేపరును బల్ల మీద పరిచి, అటూ ఇటూ తిరిగి చూశాడు. "ఇట్టాంటిది పలకలో కోస్తే వంపు కాడ విరిగిద్దమ్మా. నాగలికి ఏరినట్టు వంపు తిరిగిన తుమ్మ కొమ్మే ఏరాలి. నెల పట్టిద్ది" అన్నాడు. తర్వాత నా రాత మీద వేలు పెట్టి, "ఇటేనా అమ్మా చదును? ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని చెప్పండి. చెక్కినాక మళ్ళీ అతికేది కాదు" అన్నాడు. నాకు బస్సు టైమవుతోంది. "రాసే ఉంది కదండీ అక్కడ. చదవడం రాకపోతే చెప్పండి" అన్నాను. ఆయన పేపరు మడిచి సొరుగులో పెట్టాడు. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నెల తర్వాత కర్రలు తయారయ్యాయి. పదకొండూ తాడుతో కట్ట కట్టి షేర్ ఆటోలో పెట్టుకుని వస్తుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఊళ్ళో గొడవలేమన్నా అయినయ్యా అమ్మా?" అని అడిగాడు. కర్రలు నున్నగా ఉన్నాయి, బరువుగా ఉన్నాయి, పట్టుకుంటే నూనె వాసన. నాకు గర్వంగా ఉంది. టీచర్ గారు ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, మేకుల మీది కర్ర వంక చూసి, "అచ్చు అలాగే ఉంది" అన్నారు. వంపు అచ్చు అలాగే ఉంది, అది నిజం.

ఆట నేర్పడానికి మనిషి లేడు. ఫోనులో వీడియోలు ఉన్నాయి. గ్రౌండు గోడ మీద ఇటుక ఆసరాగా ఫోను నిలబెట్టి, దాని ముందు వరసగా నిలబడేవాళ్ళం. వీడియోలో అమ్మాయి మాకు ఎదురుగా నిలబడి చూపించేది. మేం అద్దంలో చూసి తల దువ్వుకున్నట్టు ఆమెను అనుకరించాం. ఆమె కింద పట్టుకున్న చెయ్యి మాకు ఎడమవైపు కనిపించింది కాబట్టి మేం ఎడమచెయ్యి కింద పెట్టాం. అలా పట్టుకుంటే మా కర్రల చదును బంతికి చక్కగా ఆనేది. కుడిచెయ్యి కింద పెడితే ఆనేది కాదు. ఇంకేం అనుమానం వస్తుంది?

అనుమానం ఒక్క మనిషికి వచ్చింది. ఒకరోజు పెనుగొలను చెల్లి ఫోను దగ్గరికెళ్ళి వంగి చూసి, "అక్కా, ఈ పిల్ల అటు తిరిగి పరిగెత్తేటప్పుడు చూడు. చేతులు మనకి మల్లే లేవు, తిరగబడి ఉన్నయ్యి" అంది. నేను చూడనైనా చూడలేదు. "నువ్వు ముందు బంతి ఆపడం నేర్చుకో. తర్వాత వీడియోకు వంకలు పెడుదువుగాని" అన్నాను. అందరూ నవ్వారు. తను కూడా నవ్వి, తన చోటికి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలలు అలాగే ఆడాం. ఎండలు ముదిరినా, నల్లమట్టి కాళ్ళకు అంటుకునే వానల్లోనూ ఆడాం. అత్తగార్ల గొణుగుళ్ళు, మొగుళ్ళ ఎకసెక్కాలు, గ్రౌండు పక్కన నడిచే మగవాళ్ళ ఉచిత సలహాలు అన్నీ పాతబడిపోయాయి. నేను బాగా ఆడేదాన్ని. నిజంగానే బాగా ఆడేదాన్ని. నేను కొట్టిన బంతి ఇటుకల గోల్ దాటి కంచెకు తగిలి మోగితే ఆ రోజంతా షాపులో ఎవరినీ కసరకుండా ఉండేదాన్ని. టీచర్ గారు పాత స్నేహితురాలి ద్వారా కనుక్కుని, బెజవాడలో ముప్పై ఐదు దాటిన ఆడవాళ్ళకు హాకీ పోటీ ఉందని, మా పేర్లు ఇచ్చేశారు. ఓడినవాళ్ళు ఇంటికే. అయినా సరే, అంపైరున్న మ్యాచ్. పదకొండు మంది పేర్లూ ఆవిడ తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి నాకిస్తే, పోగొట్టుకుంటామేమోనని మూడు కాపీలు తీసి పెట్టాను.

పోటీకి మూడు వారాలుందనగా హైస్కూలుకు కొత్త పీఈటీ సార్ బదిలీ మీద వచ్చారు. మూడు రోజులు వరసగా గోడ మీద చేతులు ఆనించి మా ఆట చూశారు. నాలుగో రోజు లోపలికి వచ్చి, చాలా మర్యాదగా నన్నడిగారు. "ఒక్క మాట అడగనా అండి? మీ పదకొండు మందిదీ ఎడమచేతి వాటమేనా?"

"ఎవరిదీ కాదండి. ఏం?" అన్నాను.

ఆయన నా చేతిలోని కర్ర తీసుకుని తిప్పి చూశారు. పక్కామె కర్ర చూశారు. ఇంకోటి చూశారు. ఆయన ముఖంలో నవ్వు, జాలి రెండూ ఉన్నాయి. "ఇవన్నీ ఎడమచేతి కర్రలండి. హాకీలో అట్టాంటి కర్ర ఒప్పుకోరు. ఎడమచేతి వాటం ఉన్నోళ్ళు కూడా కుడిచేతి కర్రతోనే ఆడాల. వీటితో వెళ్తే అంపైరు గ్రౌండులోకి రానివ్వడండి" అన్నారు.

టీచర్ గారి మెడలో ఈల వేలాడుతోంది. ఆవిడ దాన్ని గుప్పెట్లో పట్టుకుని నిలబడ్డారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ వడ్రంగి చేసిన పని ఇది అనుకున్నాను. షాపు తెరవకుండా నేరుగా విస్సన్నపేట బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన్ని ఏమేం అనాలో పేర్చుకుంటూ కూర్చున్నాను.

ఆయన నా అరుపులన్నీ విన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని, బల్ల సొరుగు లాగి, మడత పెట్టిన న్యూస్‌పేపరు తీసి నా ముందు పరిచాడు. పారెయ్యకుండా దాచాడు. దాని మీద నా గీత, నా అక్షరాలు. "ఇటు చదును." నేను ఆ పేపరును అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడు అర్థమైంది. అరచెయ్యి కాగితం మీద బోర్లించి చుట్టూ గీసి, ఆ బొమ్మలో అరచెయ్యి ఇటుంది అని రాస్తే ఏమవుతుంది? చదివినవాడు దాన్ని ఇంకో చెయ్యి అనుకుంటాడు. నేను చేసింది సరిగ్గా అదే. కర్రను బోర్లించి గీసి, పైకి కనిపించే వైపు చదును అని రాశాను. ఆయన నేను రాసింది రాసినట్టు చెక్కాడు.

"ఆ రోజు అడిగానమ్మా" అన్నాడు, అంతే. తప్పు నాదేనండి అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంత తేలిగ్గా రావడం నాకే కొత్తగా ఉంది. చదువు గురించి అన్న మాటకు కూడా క్షమించమన్నాను. ఆయన మంచినీళ్ళ చెంబు ఇచ్చి, "కర్రలు మాత్రం బాగా కుదిరినయ్యమ్మా" అన్నాడు.

సాయంత్రం టీచర్ గారింట్లో అందరం కూర్చున్నాం. వడ్రంగి దగ్గర్నుంచి తెచ్చిన పేపరు మధ్యలో పరిచి, జరిగిందంతా చెప్పాను. నా వల్లే అని చెప్పాను. పెనుగొలను చెల్లి ఆ రోజు సరిగ్గానే చూసింది, నేనే నోరు నొక్కానని కూడా చెప్పాను. చెల్లి నేల వంక చూస్తూ, "పోనీలే అక్కా. నేను కూడా గట్టిగా చెప్పలా" అంది. ఎవరో ఈసారికి మానేద్దాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఇద్దరు ముగ్గురు తలలూపారు.

టీచర్ గారు మేకుల మీది కర్ర వైపు చూశారు. "వాళ్ళు కూడా ఏటికేడు అట్టాగే అనుకునేవాళ్ళు" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఎనిమిది నెలలు తప్పు నేర్చుకున్నాం కదా, ఆ పట్టుదలతోనే మూడు వారాలు ఒప్పు నేర్చుకుందామన్నాను. అందరికంటే గట్టిగా తప్పు నేర్చుకున్నది నేను కాబట్టి ముందు నేనే మొదలెడతానన్నాను. మర్నాడు పీఈటీ సార్ స్కూలు స్టోరు రూము తాళం తీయించారు. మూలన ఎప్పటివో హాకీ కర్రలు గుట్టగా ఉన్నాయి. చెదలు పట్టినవి తీసేస్తే సరిగ్గా పదకొండు మిగిలాయి. ఆయన వాటిని దులిపి ఒక్కొక్కటీ మా చేతుల్లో పెట్టారు.

ఆ మూడు వారాలు నాకు నరకం. కొత్తగా నేర్చుకోవడం కంటే నేర్చింది మర్చిపోవడం కష్టం. అందరికీ పది రోజుల్లో చేతులు దారిలో పడ్డాయి. నాకు పడలేదు. బంతి కనబడగానే చేతులు వాటంతటవే తారుమారయ్యేవి, బంతి కర్ర గుండ్రటి వీపుకు తగిలేది, సార్ ఈల వేసేవారు. షాపులో పొడుగు చీపురు పట్టుకుని కుడిచెయ్యి కింద, ఎడమచెయ్యి పైన పెట్టి ఊడ్చేదాన్ని. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఉండచుట్టిన చెత్తకాగితాన్ని చీపురుతో తోసుకుంటూ జిరాక్స్ మిషను చుట్టూ తిరిగేదాన్ని. ఒకాయన కులం సర్టిఫికెట్టు కాపీకి వచ్చి గుమ్మంలోనే ఆగి, "తర్వాత రానా అండి?" అన్నాడు. రమ్మన్నాను, కానీ చీపురు వదల్లేదు. నా చోటు వేరేవాళ్ళకు ఇద్దామంటే పన్నెండో మనిషి లేదు. నేను తప్పుకుంటే జట్టు పది మందే. ఆ లెక్క నన్ను నిద్రలేపి గ్రౌండుకు తోలేది.

పోటీ మర్నాడనగా ఆఖరి ప్రాక్టీసు. అప్పటికి పదిలో ఎనిమిది సరిగ్గా కొడుతున్నాను. ఆ మిగతా రెండింట్లో ఒకటి ఆ సాయంత్రమే వచ్చింది. గోల్ ముందు చేతులు మళ్ళీ తిరగబడ్డాయి, ఈల మోగింది, నాకు నా మీదే పట్టరాని కోపం వచ్చింది. కర్రను నేలకేసి కొట్టాను. అది మెడ దగ్గర ఫట్‌మని చీలింది. ఏళ్ళ తరబడి మూలన పడున్న పాత కర్ర, ఇంకెంత ఓర్చుకుంటుంది? రెండు ముక్కలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పది కర్రలు మిగిలాయి. ఆ అంకె ఆ క్షణంలో గ్రౌండులో ఉన్న అందరికీ ఒకేసారి తట్టింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

తెల్లారి ఐదింటి బస్సు. ఎనిమిదింటికే మ్యాచ్. దార్లో కొట్లేవీ తెరిచి ఉండవు. అక్కడ ఎవరినన్నా అరువు అడిగి చూద్దామన్నారు సార్, ఆయన గొంతులో నమ్మకం లేదు. టీచర్ గారు నా వీపు మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్ళి అన్నం తినమ్మా" అని మాత్రం అన్నారు.

పొద్దున్నే బస్టాండులో అందరికంటే చివర వచ్చింది టీచర్ గారే. చంకలో పాత దుప్పటి చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది. అదేంటో అందరికీ తెలుసు. ఆవిడ నా పక్క సీట్లో కూర్చుని, బస్సు కదిలాక దాన్ని నా ఒళ్ళో పెట్టారు. "టీచర్ గారూ, నేను విరగ్గొడతాను. నాకు వద్దండి" అన్నాను. నిజంగానే భయమేసింది. ఆ కర్రను ఒక్కరోజు బయటికి ఇవ్వనన్నందుకే కదా నేను పేపరు మీద గీసింది, ఇంత దూరం వచ్చింది. ఆవిడ కిటికీ బయటికి చూస్తూ, "విరిగితే విరిగిద్ది. పది మందితో మాత్రం దిగనివ్వను" అన్నారు. మైలవరం దాటేదాకా నేను ఆ దుప్పటి ముడి విప్పలేదు.

బెజవాడ గ్రౌండులో మ్యాచ్‌కు ముందు అంపైరమ్మ వరసగా అందరి కర్రలూ చూసింది. నా దగ్గరకొచ్చి, కర్రను తిప్పి, చదును మీద వేలితో నిమిరి, "చాలా పాతది. బాగానే దాచారు" అంది. తర్వాత మమ్మల్ని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, గీత బయట నిలబడ్డ టీచర్ గారిని చూసి, "పదకొండేనా?" అని అడిగింది. టీచర్ గారు తనూ ఒకసారి మమ్మల్ని వేలితో లెక్కపెట్టుకున్నారు. అప్పుడు, "పదకొండండి" అన్నారు. నేను ఆవిడ వైపు చూడలేక నేల వైపు చూశాను.

నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. అవతలివాళ్ళు చిన్నప్పట్నుంచీ ఆడినవాళ్ళు. వాళ్ళు నవ్వుతూనే మమ్మల్ని ఊపిరాడకుండా పరిగెత్తించారు. నేను రెండుసార్లు కర్ర వీపుతో కొట్టి ఈల వేయించుకున్నాను. కానీ ఆఖర్లో ఒక బంతి నా కుడివైపు వచ్చింది. చేతులు అవే సరిగ్గా పడ్డాయి. ఆ పాత కర్ర బంతిని తాకినప్పుడు మా తుమ్మకర్రలెప్పుడూ చెయ్యని శబ్దం చేసింది. బంతి నేరుగా పెనుగొలను చెల్లి కాళ్ళ ముందుకు వెళ్ళింది. తను ఇద్దరిని దాటి కొట్టింది. బంతి గోల్ పోస్టుకు తగిలి బయటికి వచ్చేసింది. తను రొప్పుతూ నా దగ్గరికొచ్చి, "చూశావా అక్కా, వీడియోలో పిల్ల అచ్చం ఇట్టాగే కొట్టింది" అంది. ఆట అయిపోయేదాకా పదకొండు మందిమీ గ్రౌండులోనే ఉన్నాం. ఒక్కరు కూడా పక్కకు రాలేదు.

బస్సులో తిరిగొస్తూ కర్రను గుడ్డతో తుడిచాను. చదును మీద కొత్త దెబ్బలు పడ్డాయి. పాతవి కూడా ఉన్నాయి, ఆయనవి. తిరువూరులో దిగి టీచర్ గారింటి దాకా నడిచి, గుమ్మం దగ్గర కర్రను రెండు చేతులతో ఆవిడకు అందించాను. ఆవిడ తీసుకోలేదు.

"రేపు గ్రౌండుకి ఏం పట్టుకొస్తావు?" అన్నారు.

"ఒక్క మ్యాచ్ అన్నారు కదండీ. ఆ తర్వాత మా ఇష్టమన్నారు."

"మరి నీ ఇష్టం ఏంటి?"

నేను కర్రను మళ్ళీ చంకలో పెట్టుకున్నాను.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పటికి ఐదు మ్యాచ్‌లు ఆడాం, ఒకటి గెలిచాం. ఎడమచేతి కర్రల్లో కొన్ని మా పెరట్లో చిక్కుడు పాదుకు ఆసరాగా ఉన్నాయి, ఒకటి మా అత్తగారు కుక్కల్ని అదిలించడానికి వాడుతున్నారు. టీచర్ గారింట్లో ఆ రెండు మేకులు మాత్రం ఖాళీగా లేవు. వాటి మీద ఇప్పుడు నేను చేయించిన తుమ్మకర్ర ఒకటి ఉంది, ఎందుకూ పనికిరాని ఎడమచేతి కర్ర. ఆదివారం ఆదివారం ఆవిడ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ మేకుల మీద పెట్టి, చర్చికి వెళ్తారు.